కరెంటును కడిగితే పాట బాగుంటుందా?

పాట మొదలవకముందే 'గుయ్...' మంటూ ఓ శబ్దం. ఘంటసాల గొంతు విప్పేలోపే అది గదంతా పరుచుకుంటుంది. పల్లవి సాగుతున్నంతసేపూ కాస్త సద్దుమణిగినట్టు ఉంటుంది. చరణానికి ముందు వాద్యాలు ఆగిన ఆ రెండు క్షణాల్లో మళ్లీ తలెత్తుతుంది.

గుంటూరులో ఓ విశ్రాంత తెలుగు మాస్టారికి ఆర్నెల్లుగా ఇదే బాధ. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పైసా పైసా కూడబెట్టి చేయించుకున్న ఆంప్లిఫయర్ ఆయనది. ఇనప డబ్బా, ముందు నాలుగు మీటలు, వెనక మూడు పిన్నుల ప్లగ్గు. అటూ ఇటూ రెండు కర్రపెట్టెల స్పీకర్లు. ఇన్నేళ్లలో ఏనాడూ పేచీ పెట్టని సెట్టు. పాత సినిమాలు మంచి శబ్దంతో చూద్దామని టీవీకి కలిపిన రోజు నుంచీ గుయ్యిమనడం మొదలెట్టింది.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. 'ఇదంతా ఎర్తు వల్లే మాస్టారూ' అంటూ ప్లగ్గు విప్పి, లావుపాటి మూడో పిన్నుకు వెళ్లే పచ్చ వైరు పీకేశాడు. చిత్రం... శబ్దం ముప్పాతిక వంతు తగ్గిపోయింది! ఆ సాయంత్రమే ఆరేళ్ల మనవరాలు మీట తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. 'తాతయ్యా, పెట్టె కరుస్తోంది' అంది. 'కరవదమ్మా, పాతది కదా, కాస్త చిమచిమలాడుతుందంతే' అన్నారాయన.

పండక్కి వచ్చే ముందు కొడుకు బెంగళూరులో ఓ దుకాణంలో అడిగాడు. 'మీ కరెంటులో మురికి ఉంది సార్. పవర్ కండిషనర్ పెట్టండి. శబ్దం పోవడమే కాదు, పాటకు కొత్త ప్రాణం వస్తుంది' అన్నాడు అమ్మేవాడు. నాన్న ముచ్చట తీరుతుంది కదా అని, ఆంప్లిఫయర్ ఖరీదుకు రెట్టింపు పోసి నల్లటి పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. తగిలించగానే నీలం దీపం వెలిగింది. మిగిలిన గుయ్యి మాత్రం అలాగే ఉంది. పైగా ఇప్పుడు కొత్త పెట్టెను ముట్టుకున్నా చిమచిమే!

ఇలాంటి ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. పేర్లు మారతాయి, పెట్టెలు మారతాయి. ప్రశ్న మాత్రం ఒక్కటే. పాటలు వినే సెట్టుకు పవర్ కండిషనర్ కావాలా, అక్కర్లేదా? దీనికి జవాబు దుకాణంలో దొరకదు. మన ఇంటి గోడలోనే ఉంటుంది.

ఇంతకీ ఏమిటా పెట్టె?

పవర్ కండిషనర్ అన్న పేరు కింద నాలుగు రకాల పనులు కలిసిపోయాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది వడపోత. కరెంటు తీగ వెంట వచ్చే సన్నటి రణగొణ ధ్వనిని కాయిళ్లు, కెపాసిటర్లు కలిసి అడ్డుకుంటాయి. రెండోది పోటును ఆపడం. పిడుగు పడినప్పుడో, లైన్లో పెద్ద లోడు ఆగినప్పుడో సెకనులో లక్షో వంతు సేపు వచ్చే పోటును పక్కదారి పట్టిస్తుంది. మూడోది వోల్టేజిని నిలబెట్టడం. ఇది మనకు బాగా తెలిసిన స్టెబిలైజర్ చేసే పని. నాలుగోది ఐసొలేషన్. అంటే లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, బయటి లైనుకూ మన సెట్టుకూ నేరుగా తీగ సంబంధం లేకుండా చేయడం.

నాలుగూ చేసే పెట్టెలు ఉన్నాయి. అవి బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. దుకాణాల్లో 'కండిషనర్' పేరుతో దొరికేవాటిలో చాలా వరకు మొదటి రెండు పనులే చేస్తాయి. వాటికి వోల్టేజి పెంచడం, తగ్గించడం చేతకాదు. లైన్లో 180 వోల్టులు వస్తే అవతలి వైపూ 180 వోల్టులే ఇస్తాయి. కాబట్టి కొనేముందు అడగాల్సిన ప్రశ్న 'ఇది మంచిదేనా?' అని కాదు. 'ఈ నాలుగింట్లో ఇది ఏ పని చేస్తుంది?' అని.

మేడ మీద ట్యాంకు ఉండగా...

అసలు కరెంటులో మురికి ఉంటే పాటలోకి వస్తుందా? ఇది తెలియాలంటే ఆంప్లిఫయర్ కడుపులో ఏం జరుగుతుందో చూడాలి.

మునిసిపాలిటీ కుళాయిలో నీళ్లు ఎలా వస్తాయో అందరికీ తెలుసు. ఓసారి ధారగా, ఓసారి సన్నగా, మధ్యలో గాలి బుడగలతో. కానీ స్నానాల గదిలో కుళాయి తిప్పితే నీళ్లు నిలకడగానే వస్తాయి. ఎందుకంటే అవి వచ్చేది మేడ మీది ట్యాంకు నుంచి. కింద మోటారు ఎలా తోడినా, పైన ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపూ మన కుళాయికి తేడా తెలియదు.

ఆంప్లిఫయర్ కూడా అంతే. గోడలోంచి వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆంప్లిఫయర్లోని ట్రాన్స్‌ఫార్మర్ ముందు ఆ వోల్టేజిని తగ్గిస్తుంది. తర్వాత డయోడ్లు ఆ ఊగులాటను ఒకే దిశకు తిప్పుతాయి. అక్కడి నుంచి చిన్న డబ్బాల్లాంటి పెద్ద కెపాసిటర్లు నిండుతాయి. సెకనుకు వందసార్లు నిండుతాయి, పాటకు కావలసినంత ఖర్చవుతాయి. ఆ కెపాసిటర్లే మేడ మీది ట్యాంకు. స్పీకర్లకు అందే శక్తి వాటి నుంచి వస్తుంది తప్ప నేరుగా గోడలోంచి కాదు. మీటలు తిప్పే దగ్గర ఉండే సున్నితమైన భాగానికైతే చాలా సెట్లలో వేరే చిన్న రెగ్యులేటర్ కూడా ఉంటుంది.

అంటే, సరిగ్గా చేసిన ప్రతి ఆంప్లిఫయర్లోనూ ఒక కండిషనర్ ముందే ఉందన్నమాట! దానికి బయట మరోటి తగిలించడం ట్యాంకు ముందు ఇంకో ట్యాంకు కట్టడం లాంటిది. తప్పు కాదు. చాలా ఇళ్లల్లో అవసరం ఉండదు.

ఇప్పుడు వస్తున్న చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్లయితే మరీను. వాటిలో చాలావాటి వెనక '100-240 వోల్టులు' అని రాసి ఉంటుంది. ఆ హద్దుల్లో లైను ఎక్కడ ఉన్నా లోపలి వోల్టేజి మారదు. ఇంటికొచ్చి ముందు చేయాల్సిన పని ఆ చిన్న అక్షరాలు చదవడమే.

మరి గుయ్యి ఎక్కడిది?

ముందు చెవి ఎక్కడ పెట్టాలో తెలియాలి. శబ్దం స్పీకర్లోంచి వస్తోందా, ఆంప్లిఫయర్ డబ్బాలోంచే వస్తోందా? డబ్బాలోంచి అయితే అది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల వణుకు. స్క్రూలు వదులైనా, లైనులో తేడా ఉన్నా వస్తుంది. రెండు గజాల దూరంలో కూర్చుంటే వినిపించకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

స్పీకర్లోంచి వస్తుంటే ఒక పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు. ఆంప్లిఫయర్ ఆపి, టీవీ నుంచి, సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే పాట తీగలన్నీ తీసేయండి. సెల్‌ఫోన్ చార్జర్ కూడా పీకేసి, బ్యాటరీ మీద ఉన్న ఫోనును మాత్రం కలిపి పాట పెట్టండి. గుయ్యి పోయిందా? అయితే తప్పు కరెంటుది కాదు, ఆంప్లిఫయర్‌దీ కాదు. మీరు తీసేసిన తీగల్లో ఒకదానిది. పోలేదా? అప్పుడు సెట్టు లోపలి కెపాసిటర్లు ముసలివైపోయాయేమో చూపించాలి. ఏళ్లు గడిచినకొద్దీ అవి ఎండిపోతాయి. ట్యాంకుకు చిల్లి పడితే కుళాయిలో గాలి వచ్చినట్టు, స్పీకర్లో గుయ్యి వస్తుంది. ఏ కండిషనరూ దాన్ని బాగుచేయలేదు. కొత్త కెపాసిటర్లు వేయిస్తే పోతుంది.

ఎక్కువ ఇళ్లల్లో దొంగ దొరికేది మొదటి పరీక్షలోనే. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఆంప్లిఫయర్‌కు గోడలో ఒక ఎర్తు ఉంటుంది. కేబుల్ టీవీ తీగకు వీధి స్తంభం దగ్గరో, మేడ మీది డిష్ దగ్గరో ఇంకో ఎర్తు ఉంటుంది. టీవీని ఆంప్లిఫయర్‌కు కలపగానే ఆ రెండు ఎర్తులూ పాట తీగ పైపొర ద్వారా కలుస్తాయి. రెండు చోట్లా నేల ఒకే మట్టంలో ఉండదు. ఒకటి కాస్త మెరక, ఒకటి కాస్త పల్లం. ఆ కొద్ది తేడాకే తీగలో కరెంటు పారుతుంది. అది పాట వెళ్లే తీగ కాబట్టి, ఆంప్లిఫయర్ దాన్ని కూడా పాటే అనుకుని పెద్దది చేసి వినిపిస్తుంది.

ఈ గుయ్యి వచ్చేది కరెంటు తీగలోంచి కాదు, పాట తీగలోంచి. మరి కరెంటు తీగకు పెట్టిన వడపోత దాన్నెలా ఆపుతుంది? మాస్టారి ఇంట్లో నల్లపెట్టె ఓడిపోయింది అందుకే.

పీకేసిన మూడో పిన్ను

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరకొద్దాం. ఎర్తు వైరు పీకేస్తే గుయ్యి తగ్గుతుంది. నిజమే. రెండు ఎర్తుల్లో ఒకటి పోయింది కనుక వలయం తెగిపోతుంది. కానీ ఆ వైరు ఉన్నది పాట కోసం కాదు. ప్రాణం కోసం.

ఇనప డబ్బా లోపల ఎప్పుడైనా కరెంటు తీగ తొడుగు ఊడి డబ్బాకు తగిలితే, ఎర్తు ఉన్న చోట కరెంటు ఒక్కసారిగా నేలలోకి పరుగెత్తుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్తు లేని చోట ఏమీ జరగదు. డబ్బా నిండా 230 వోల్టులు పెట్టుకుని, మామూలుగానే పాట పాడుతూ ఉంటుంది. ఎవరో ఒకరు తడి చేత్తో ముట్టుకునేదాకా...

చిమచిమలాడటం ఆ ప్రమాదానికి ముందస్తు కబురు. మనిషి ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియరు దరిదాపుల్లో కరెంటు వెళితే చిమచిమ తెలుస్తుంది. ఇళ్లల్లో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపోయేలా తయారవుతుంది. అంతకు మించి ఒంట్లోంచి పారడం ప్రాణాంతకం కావచ్చు కనుకే ఆ హద్దు. 'కాస్త చిమచిమేగా' అని ఊరుకోవడమంటే, ఆ ఒకటి నుంచి ముప్పై దాకా ఎప్పుడు వెళుతుందో చూద్దామని కూర్చోవడమే.

అన్ని సెట్లకూ మూడో పిన్ను ఉండి తీరాలని కాదు. కొన్ని కంపెనీ సెట్లు రెండు పిన్నులతోనే వస్తాయి. వాటి వెనక గడిలో గడి గీసిన గుర్తు ఉంటుంది. లోపల రెండు వరసల రక్షణ ఉందని దాని అర్థం. అవి అలా వాడేందుకే తయారయ్యాయి. మూడు పిన్నులతో పుట్టినదాన్ని మాత్రం రెండు పిన్నులది చేయకూడదు.

కండిషనర్ కూడా ఎర్తు మీదే బతుకుతుంది

నల్లపెట్టె ఎందుకు చిమచిమలాడిందో ఇక్కడ తెలుస్తుంది. కండిషనర్లోని వడపోత భాగం తాను పట్టుకున్న రణగొణ ధ్వనిలో కొంత ఎర్తులోకి వదులుతుంది. పోటు వస్తే దాన్నీ చాలావరకు ఎర్తులోకే తోస్తుంది. గోడలోని ఎర్తు బాగుంటే అది ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. ఎర్తు చచ్చిపోయి ఉంటే, వదలడానికి చోటు లేక ఆ కొద్దిపాటి కరెంటు పెట్టె రేకు మీదే నిలుస్తుంది. చెత్త పోసేందుకు దిబ్బ లేని ఊళ్లో ఊడ్చిన చెత్త గుమ్మం ముందే పడినట్టు.

అంటే ఎర్తు లేని ఇంట్లో కండిషనర్ సగం పనే చేస్తుంది. పైగా కొత్త చిమచిమ తెచ్చిపెడుతుంది. పెట్టెకు వేలు పోసే ముందు ఎర్తుకు వందలు ఖర్చు పెట్టాలన్నది అందుకే.

మన ఇళ్లల్లో ఎర్తు కథ అందరికీ తెలిసిందే. ఇల్లు కట్టినప్పుడు పెరట్లో గొయ్యి తీసి, ఇనప గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పోసి కప్పెడతారు. నీళ్లు పొయ్యడానికి మూత వదులుతారు. మొదటి వేసవిలో ఎవరో ఒకరు పోస్తారు. తర్వాత మర్చిపోతారు. ఆనక దాని మీద గచ్చు వేస్తారు, కుండీలు పెడతారు. నేల ఎండిపోతుంది, గొట్టం తుప్పు పడుతుంది, బిగించిన తీగ ఊడిపోతుంది. రాతి నేలల్లో అయితే ఎర్తు అందడమే కష్టం. గోడలో మూడు రంధ్రాల ప్లగ్గు మాత్రం అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది!

పెట్టె నిజంగా కావలసింది ఎక్కడ?

పాట తియ్యదనం కోసం కాకపోయినా, సెట్టు ఆయుష్షు కోసం రక్షణ కావలసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఏ ఇంటికి ఏది కావాలో ఇంటి కరెంటే చెబుతుంది.

ఇంటికిచ్చే కరెంటు 230 వోల్టులకు ఆరు శాతం అటూ ఇటూగా ఉండాలన్నది మన దగ్గరి నియమం. అంటే సుమారు 216 నుంచి 244 దాకా. వేసవి సాయంత్రం వీధి వీధంతా ఏసీలు వేస్తే, ఊరి చివరి ఇంట్లో అది 180కి జారిందనుకుందాం. పాత తరహా ఆంప్లిఫయర్లో లోపలి వోల్టేజి కూడా అదే లెక్కన పడిపోతుంది. వంద వాట్లు ఇవ్వగలిగినది అరవై వాట్లే ఇస్తుంది. వినడానికి పెద్ద నష్టమా అంటే కాదు. ఇంట్లో మామూలుగా పాట వినేటప్పుడు స్పీకర్లకు వెళ్లేది సగటున రెండు మూడు వాట్లే. పెళ్లి పందిరి స్థాయిలో పెడితే తప్ప తేడా తెలియదు.

తక్కువ కంటే ఎక్కువే కీడు. లైను 260 దాటి నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, కెపాసిటర్లు తమ హద్దు దగ్గర నలుగుతాయి. అలాంటి చోట స్టెబిలైజర్ కొనడం దండగ కాదు. రిలే రకం స్టెబిలైజర్ 'టిక్కు టిక్కు' మంటూ మెట్లు మెట్లుగా సరిచేస్తుంది. ఆ టిక్కు ఒక్కోసారి స్పీకర్లోనూ వినిపిస్తుంది. సర్వో రకం మోటారుతో మెల్లగా, మెత్తగా సరిచేస్తుంది. ధర ఎక్కువ. పాటలకైతే అదే హాయి.

అన్నిటికంటే భయంకరమైనది న్యూట్రల్ తెగడం. స్తంభం మీదో, అపార్ట్‌మెంట్ మీటరు బోర్డులోనో న్యూట్రల్ తీగ ఊడిందంటే, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల వాటా ఎవరి ఇంటికి ఎంత వస్తుందో చెప్పలేం. ఒకింట్లో బల్బులు మసకబారుతాయి, పక్కింట్లో టీవీలు, ఫ్రిజ్జులు, సెట్లు వరసగా కాలిపోతాయి. పోటును మాత్రమే ఆపే బోర్డులు దీనికి పనికిరావు. అవి క్షణకాలం వచ్చే పోటుకు తయారైనవి. నిమిషాల తరబడి వచ్చే దానికి అవే కాలిపోతాయి. హద్దు దాటగానే లైనును తెంచేసే వోల్టేజి ప్రొటెక్టర్‌ను మెయిను బోర్డులో పెట్టిస్తే ఒక్క ఆంప్లిఫయర్‌కే కాదు, ఇంటిల్లిపాదికీ కాపలా.

ఇక పిడుగు. ఏ పెట్టెనూ నమ్మకుండా, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయడమే ఉత్తమం. కరెంటు ప్లగ్గుతోపాటు కేబుల్ తీగ కూడా! చాలామంది మొదటిది పీకి రెండోది మర్చిపోతారు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లల్లో కరెంటు పోయిన మరుక్షణం సెట్టు 'జుర్రు'మంటే, అది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. దాని అలలు గుండ్రంగా ఉండవు, మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ పదును పాటలో వినిపిస్తుంది. దీనికి మందు కండిషనర్ కాదు, సైన్ వేవ్ ఇన్వర్టర్. ఫ్యాను రెగ్యులేటర్ తిప్పినప్పుడో, ఫ్రిజ్జు ఆన్ అయినప్పుడో 'టప్' మనే ఇళ్లల్లో మాత్రం వడపోత పెట్టె కొంత మేలు చేయొచ్చు.

చిన్న పెట్టె, పెద్ద సెట్టు

పెట్టె కొన్నాక మేలు బదులు కీడు జరిగే సందర్భం కూడా ఉంది. చానెల్‌కు వంద వాట్ల చొప్పున ఇచ్చే ఆంప్లిఫయర్ పూర్తి జోరులో గోడలోంచి నాలుగు వందల వాట్లో, ఇంకా ఎక్కువో లాగుతుంది. ఆన్ చేసిన మొదటి క్షణంలో ఖాళీ ట్యాంకు నిండాలి కనుక దానికి ఎన్నో రెట్లు గుంజుతుంది. టీవీకని తెచ్చిన చిన్న స్టెబిలైజర్‌ను దానికి తగిలిస్తే, డప్పు దరువు పడిన ప్రతిసారీ వోల్టేజి కుంగుతుంది. ఏమీ లేకపోతే బాగా పాడే సెట్టు, పెట్టె వల్ల నీరసపడుతుంది. పెట్టాలనుకుంటే సెట్టు వెనక రాసిన వాట్లకు కనీసం రెట్టింపు తట్టుకునేది పెట్టాలి. లేదంటే నేరుగా గోడకే మేలు.

అమెరికాలో ఉన్న అబ్బాయో, అల్లుడో ముచ్చటపడి తెచ్చిన సెట్టుదీ ఒక కథే. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కొన్ని సెట్ల వెనక వోల్టేజి మార్చే మీట ఉంటుంది. లేకపోతే 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మామూలు కండిషనర్ ఆ పని చేయదు. వెనక '50/60' అని కాకుండా 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, మన 50 హెర్ట్జ్‌కు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కవచ్చు. అక్కడి నుంచి తెచ్చిన సర్జ్ బోర్డును ఇక్కడి గోడకు తగిలిస్తే మాత్రం కాపాడాల్సిన బోర్డే ముందు కాలిపోతుంది.

రాత్రి పాట ఎందుకు తీపి?

'పెట్టె పెట్టాక పాట విచ్చుకుంది' అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? కాదు. వాళ్లకు నిజంగానే అలా వినిపిస్తుంది. చెవికి ఒక గుణం ఉంది. డబ్బు పోసి కొన్నాక, బాగుండాలని మనసు కోరుకున్నాక, అది బాగున్నదాన్నే వెతికి వింటుంది. శబ్దం అరచుక్క పెరిగినా 'స్పష్టంగా ఉంది' అంటుంది.

రాత్రి పదకొండు దాటాక కరెంటు శుభ్రంగా ఉంటుంది, అందుకే పాట బాగుంటుందన్న మాట కూడా అలాంటిదే. అప్పుడు వీధిలో ఆటోలు ఉండవు. వంటింట్లో మిక్సీ ఉండదు. పక్కింటి టీవీ ఉండదు. గది నిశ్శబ్దమైతే సన్నటి తంబురా శ్రుతి కూడా వినిపిస్తుంది. శుభ్రపడింది కరెంటు కాదు, చుట్టూ ఉన్న గాలి.

సందేహం ఉన్నవాళ్లు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పెట్టె ఉందో లేదో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. అదే పాట, అదే వాల్యూము. ఉందో లేదో పదిసార్లు చెప్పి చూడండి. పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెబితే పెట్టె మీకు పనికొచ్చినట్టే. అయిదారు దగ్గర ఆగితే బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. కొన్ని దుకాణాలు కొన్నాళ్లలో తిరిగి తీసుకుంటాయి. బిల్లు పారేయకముందే ఈ పరీక్ష పెట్టుకోవడం తెలివి.

వరస తప్పకూడదు

ఖర్చు పెట్టాల్సిన వరస ఇదీ.

* ముందు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు కొలిపించాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించాలి.

* టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఆంప్లిఫయర్... అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. వలయం చిన్నదైతే గుయ్యీ చిన్నదవుతుంది.

* అప్పటికీ పోకపోతే పాట తీగ మధ్యలో చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. టీవీకీ సెట్టుకూ ఆప్టికల్ తీగ వసతి ఉంటే ఇంకా మంచిది. కాంతికి ఎర్తుతో పని లేదు.

* వారం రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి వోల్టేజి రాసిపెట్టుకోవాలి. హద్దులు దాటుతుంటే స్టెబిలైజర్, ప్రొటెక్టర్.

* ఇవన్నీ అయ్యాక, ఇంకా డబ్బూ ముచ్చటా మిగిలితే అప్పుడు కండిషనర్.

మాస్టారి ఇంట్లో ఏం జరిగింది?

ఆయనతోపాటు ఒకే బడిలో పనిచేసిన ఫిజిక్సు మాస్టారు ఓ ఆదివారం పలకరించడానికి వచ్చారు. మనవరాలు 'పెట్టె కరుస్తుంది తాతగారూ, ముట్టుకోకండి' అని ముందే హెచ్చరించింది. ఆయన నవ్వలేదు. ప్లగ్గు విప్పి చూశారు. 'ఏవయ్యా, పాటలో గుయ్యి పోవడానికి పిల్ల ప్రాణం తాకట్టు పెట్టావా?' అన్నారు. మాస్టారి దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఆయన తనకు తెలిసిన మరో ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొచ్చారు. గోడలో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూశాడతను. ఎర్తు బాగుంటే ధగధగ వెలగాల్సిన బల్బు నిప్పురవ్వలా మిణుకుమంది. (ఈ పరీక్ష పని తెలిసినవాళ్లే చేయాలి. ఎవరూ ప్రయత్నించకూడదు.) పెరట్లో ఎర్తు గొయ్యి ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. వెతికితే తులసికోట పక్కన గచ్చు కింద బయటపడింది. గొట్టానికి బిగించిన తీగ తుప్పుపట్టి వెంట్రుకవాసి మీద వేలాడుతోంది. ఇంట్లో ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ల ఎర్తు కరెంటంతా నేలలోకి దారి దొరక్క, ఆంప్లిఫయర్ గుండా, టీవీ తీగ గుండా వీధి కేబుల్ దాకా దారి వెతుక్కుంది. ఇన్నాళ్లూ గుయ్యిమన్నది అదే.

కొత్త గొట్టం దించారు. కొత్త తీగ బిగించారు. పీకేసిన పచ్చ వైరు మళ్లీ మూడో పిన్నుకు చేరింది. గుయ్యి మూడొంతులు పోయింది. పాట తీగ మధ్యలో అగ్గిపెట్టె సైజు ఐసొలేటర్ పెడితే మిగతాదీ పోయింది. మొత్తం ఖర్చు నల్లపెట్టె ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

నల్లపెట్టెను పారేయలేదు. ఎర్తు వచ్చింది కాబట్టి పోటును ఆపే పనైనా చేస్తుంది. టీవీ, ఆంప్లిఫయర్ రెండూ ఇప్పుడు దానికే తగిలించి ఉన్నాయి. 'నేను కొన్నది దండగేనా నాన్నా?' అని కొడుకు ఫోనులో అడిగితే, 'లేదురా, మన ఇంట్లోకల్లా ఖరీదైన ప్లగ్గు బోర్డు అది' అన్నారు మాస్టారు.

ప్రతి ఆదివారం పొద్దున్నే తులసికోటలో చెంబుడు నీళ్లు పోశాక, పక్కనున్న గోతిలో బక్కెట్టెడు పోస్తున్నారాయన. పాట పెట్టే పని మాత్రం మనవరాలిది. అది మీట తిప్పేటప్పుడు ఇప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోవడం లేదు.